ఇంట్లో క్లౌడ్ చాంబర్: ఎనిమిది నెలలు వాడాక నా మాట

రూ. 23,500 పెట్టి నేను కొన్న డబ్బాని చూసి మా అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న, "చేపలేవే అమ్మాయ్?" అని. రెండో ప్రశ్న మా ఆయనది: "వారంటీ ఎంత?" అది క్లౌడ్ చాంబర్, కంటికి కనబడని కణాలు వెళ్లిన దారుల్ని తెల్ల గీతలుగా చూపించే డబ్బా. చూడ్డానికి నిజంగానే చిన్న అక్వేరియంలా ఉంటుంది. చేపలు ఉండవు. వారంటీ ఆరు నెలలన్నారు. ఆ ఆరు నెలలూ ఎలా గడిచాయో కింద రాస్తాను.

నేను తణుకులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పంతొమ్మిదేళ్లుగా ఇంటర్ సెకండియర్ పిల్లలకి పరమాణువులు, కేంద్రకాలు, ద్వంద్వ స్వభావం అంటూ బోర్డు మీద గీస్తూనే ఉన్నాను. ఆల్ఫా కణం (రేడియోధార్మిక పదార్థం వదిలే హీలియం కేంద్రకం) అని ఒక చుక్క పెట్టి, దాని ముందు ఒక బాణం వేస్తాను. అంతకు మించి ఏనాడూ చూపించింది లేదు. నేను ఎమ్మెస్సీ చేసినప్పుడు కణాల్ని లెక్కపెట్టే గీగర్ కౌంటర్ టిక్కుటిక్కుమంటుంటే నోట్సులో లెక్క రాసుకున్నాను. టిక్కు వినడం వేరు, అది వెళ్లిన దారిని కళ్లతో చూడడం వేరు. రిటైరయ్యేలోగా ఒక్కసారైనా చూడాలనిపించింది, కొనేశాను.

ఆన్‌లైన్‌లో దొరికే క్లౌడ్ చాంబర్లు రెండు రకాలు. కొన్ని డ్రై ఐస్ మీద పెట్టేవి, కొన్ని కరెంటుతో చల్లబడేవి. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలుంటుంది కాబట్టి పని తొందరగా అవుతుంది. కానీ ప్రతిసారీ బయటి ఊరి నుంచి తెప్పించుకోవాలి, వచ్చేలోపు సగం గాల్లో కలిసిపోతుంది. అందుకని పెల్టియర్ పలకలతో (కరెంటిస్తే ఒక వైపు చల్లబడి రెండో వైపు వేడెక్కేవి) నడిచే రెండో రకం తీసుకున్నాను. అమ్మినవాళ్ల పేరు రాయను. ఈ డబ్బాలు నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, ఫొటోలు చూస్తే లోపలి సరుకు ఇంచుమించు ఒకటే.

పార్సిల్లో వచ్చినవి: 12 సెంటీమీటర్ల చదరపు నల్ల అల్యూమినియం పలక, దాని అడుగున ఒకదాని మీద ఒకటి అంటించిన పెల్టియర్లు, వాటి వేడి లాగడానికి నీళ్లు తిరిగే దిమ్మ, ఒక బుల్లి పంపు, పైన మూతపెట్టే అక్రిలిక్ డబ్బా, డబ్బా పైభాగంలో అంటించుకునే ఫెల్ట్ గుడ్డ, ఎల్‌ఈడీ పట్టీ, 12 వోల్టుల పవర్ సప్లై, ఒక గుండీ అయస్కాంతం. వీటన్నిటికీ కలిపి ఒకే ఒక్క కాగితం సూచనలు. ఆ కాగితంలో "ఆల్కహాల్ పోయండి, స్విచ్ వేయండి, ఆనందించండి" అన్నంత వరకే ఉంది.

అక్రిలిక్ డబ్బా ఒక మూల పగిలి వచ్చింది. కొరియర్ అబ్బాయి ముందే విప్పి వీడియో తీశాను కాబట్టి పదకొండు రోజుల్లో కొత్తది పంపారు. ఈ విషయంలో అమ్మినవాళ్లకి మార్కులు వేస్తాను. తరువాత అంత చురుగ్గా లేరు.

ఇది పనిచేసే తీరు తెలియకుండా కొంటే మీరు దీన్ని రెండో రోజే అటక మీద పెట్టేస్తారు. అందుకే కొంచెం చెబుతాను. పైన ఫెల్ట్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పట్టిస్తాం. అది గది వేడికి ఆవిరై కిందికి దిగుతుంది. అడుగు పలక మైనస్ పాతికకో ఇంకా కిందికో చేరితే, పలకకి పైన ఒక సెంటీమీటరు మందాన ఆవిరి వింత స్థితిలో ఉంటుంది. చుక్కగా మారిపోవాల్సినంత చల్లబడింది, కానీ ఏదైనా ఆధారం దొరికితే తప్ప మారదు. అప్పుడు ఆవేశం ఉన్న కణం ఏదైనా దూసుకుపోతే దారిలో అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి అయాన్లను వదిలిపోతుంది. ఒక్కో అయాన్ చుట్టూ ఒక్కో చుక్క పుడుతుంది. కణం ఎప్పుడో వెళ్లిపోయింది, మనకి కనిపించేది చుక్కల వరస. ముగ్గు వేసేటప్పుడు వేళ్ల సందు నుంచి పిండి జారి గీత పడుతుంది చూడండి, అలాంటిదే. చెయ్యి కనబడదు, ముగ్గు కనబడుతుంది.

ఈ ఆలోచన మొదట స్కాట్లండ్ వాడైన సి.టి.ఆర్. విల్సన్‌ది. 1894లో బెన్ నెవిస్ కొండ మీద అబ్జర్వేటరీలో రెండు వారాలు ఉన్నప్పుడు మబ్బుల మీద ఎండ పడి రంగు వలయాలు రావడం చూసి, ఆ మబ్బుని గదిలో తయారుచేయాలనుకున్నాడు. మబ్బు కోసం మొదలుపెట్టిన పని చివరికి కణాల దారులు చూపించింది. 1911లో మొదటి గీతలు కనిపించాయి, 1927లో నోబెల్ వచ్చింది. ఆయనది పిస్టన్‌తో గాలిని ఒక్కసారిగా వ్యాకోచింపజేసే రకం, గీత ఒక్క క్షణమే. నా దగ్గరున్నట్టు అడుగు చల్లగా ఉంచి ఆగకుండా నడిచే రకాన్ని 1930లలో లాంగ్స్‌డార్ఫ్ అనే అమెరికన్ చేశాడు.

ఇక అమ్మకం పేజీలో రాసిన గొప్పల సంగతి. మూడు వాక్యాలు నాకు గుర్తున్నాయి. "మైనస్ 35 డిగ్రీలు ఖాయం." "యాంటీమ్యాటర్‌ని చూడండి." "గాడ్ పార్టికల్ మీ ఇంట్లో."

మొదటిది సగం నిజం. నేను కొన్నది మే నెలలో. గోదావరి జిల్లాల్లో మే అంటే చెప్పేదేముంది. పంపుని బకెట్ నీళ్లలో వేసి నడిపితే, థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఉన్న మల్టీమీటరుతో కొలిచినప్పుడు పలక మైనస్ 19 దగ్గర ఆగిపోయింది. మబ్బు కాదు కదా, మంచు పొగ కూడా లేదు. పెల్టియర్ ఒక వైపు చల్లబడాలంటే రెండో వైపు వేడిని బయటికి తోసేయాలి. బకెట్ నీళ్లే 34 డిగ్రీలుంటే అది మాత్రం ఏం చేస్తుంది? కిరాణా కొట్లో ఐస్ గడ్డలు కొని బకెట్లో వేశాక, గదిలో ఏసీ వేశాక, మైనస్ 31కి చేరింది. డిసెంబరులో ఐస్ లేకుండానే మైనస్ 28 వచ్చింది. మైనస్ 35 నేను ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారీ చూడలేదు. చూడనక్కర్లేదు కూడా, 28 చాలు. కానీ రాసింది రాసినట్టు ఉండాలి కదా.

ఆల్కహాల్ దగ్గర నేనూ తప్పు చేశాను. కోవిడ్ నాటి శానిటైజర్ డబ్బా ఇంట్లో మిగిలుంటే అది పోశాను. దాన్లో నీళ్లు కలిసి ఉంటాయి, పలక మీద ఐసు పెచ్చులు కట్టింది. 99 శాతం స్వచ్ఛమైనది లేబొరేటరీ కెమికల్స్ అమ్మేవాళ్ల దగ్గర తెచ్చుకోవాలి. ఇంకోటి, అది పెట్రోలులా అంటుకుంటుంది. మా ఇంట్లో సాయంత్రం దీపం పెట్టే వేళకీ నా ప్రయోగం వేళకీ గొడవ వచ్చింది. ఇప్పుడు దీపం కొండెక్కాకే సీసా మూత తీస్తాను. అగరొత్తులు కూడా లేకుండా చూసుకోండి.

"యాంటీమ్యాటర్" గొప్ప గురించి. యాంటీమ్యాటర్‌ని క్లౌడ్ చాంబర్లోనే కనిపెట్టారు, ఆ మాట నిజం. యాంటీమ్యాటర్ అంటే మామూలు కణాలకి ఆవేశం తిరగబడ్డ జోడీలు. డిరాక్ అనే శాస్త్రవేత్త 1928లో రాసిన సమీకరణంలోంచి ఎలక్ట్రాన్‌కి ధనావేశం ఉన్న జోడీ ఉండాలని తేలింది. 1932 ఆగస్టులో కాలిఫోర్నియాలో కార్ల్ ఆండర్సన్ తీసిన ఫొటోలో ఆ జోడీ దొరికింది. కానీ ఆయన చాంబర్ చుట్టూ కణాల దారిని వంచే పెద్ద విద్యుదయస్కాంతం ఉంది, మధ్యలో 6 మిల్లీమీటర్ల సీసపు పలక ఉంది. సీసం దాటాక కణం శక్తి పోగొట్టుకుంటుంది కాబట్టి దారి ఎక్కువగా వంగుతుంది, దాన్ని బట్టి ఎటునుంచి ఎటు వెళ్లిందో తెలుస్తుంది. వెళ్లిన దిక్కు తెలిస్తే వంగిన వైపుని బట్టి ఆవేశం ధనమో రుణమో తెలుస్తుంది. ఆ ఫొటోకి ఆయనకి 31 ఏళ్లకే నోబెల్ వచ్చింది. ఈ డబ్బాతో ఇచ్చిన అయస్కాంతం ఫ్రిజ్ మీద పాల లెక్క కాగితం పట్టుకోవడానికి బాగుంది, ప్రస్తుతం ఆ పనిలోనే ఉంది.

"గాడ్ పార్టికల్" అని రాసినవాళ్లకి మాత్రం దండం పెట్టాలి. వాళ్లు చెప్పేది హిగ్స్ బోసాన్ అనే కణం గురించి. దాని ద్రవ్యరాశి ప్రోటాన్‌కి 133 రెట్లు. దాన్ని పుట్టించడానికి జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న యంత్రం కావాల్సి వచ్చింది. 2012 జులై 4న దొరికిందని ప్రకటించారు. పుట్టిన హిగ్స్ వెంటనే విడిపోతుంది, అక్కడివాళ్లు కూడా దాన్ని చూడరు. అది విడిపోగా వచ్చిన ముక్కల దారులు కలిపి వెనక్కి లెక్క కడతారు. నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, హిగ్స్ విడిపోయే దారుల్లో ఒకటి నాలుగు మ్యూయాన్లు (ఎలక్ట్రాన్ లాంటివే, బరువెక్కువ) రావడం. మ్యూయాన్లయితే నా డబ్బాలోంచి రోజంతా పోతూనే ఉంటాయి. అమ్మేవాళ్లు ఆ మాటే రాసుకుంటే నిజమూ అయ్యేది, గొప్పగానూ ఉండేది.

జూన్ రెండో వారంలో మొదటిసారి పనిచేసింది. రాత్రి తొమ్మిదిన్నర. గది లైట్లన్నీ ఆర్పేశాం. పలక మీద ముందు వాన తుంపర లాంటిది కనబడుతుంది, అదే గుర్తు. ఇరవై నిమిషాలకి తుంపర సర్దుకుంది. అప్పుడు ఎక్కడి నుంచో సన్నని తెల్ల గీత, జుట్టు పోగంత, ఒక మూల నుంచి ఇంకో మూలకి తిన్నగా పడింది. రెండు సెకన్లలో కరిగిపోయింది. మా ఆయన "ఏదో కదిలింది" అన్నారు. అత్తయ్య మాత్రం, "జెట్టు విమానం పోయినట్టుందే" అన్నారు. నేను పంతొమ్మిదేళ్లలో ఇంత మంచి పోలిక చెప్పలేదు. విమానం వెనక గీత కూడా ఆవిరి నుంచే వస్తుంది, అక్కడ నీటి ఆవిరి చుక్కలై గడ్డకడుతుంది.

ఆ గీత మ్యూయాన్‌ది అయి ఉండాలి. ప్రమాణం చేసి చెప్పలేను, ఒంటరి గీతని చూసి ఎవరూ చెప్పలేరు. తిన్నగా, పొడుగ్గా, సన్నగా ఉన్నవి ఎక్కువగా అవే. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు పదిహేను కిలోమీటర్ల ఎత్తులో గాలిని ఢీకొంటే పుడతాయి. సముద్ర మట్టం దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా నిమిషానికి సుమారు ఒకటి పడుతుంది. అంటే నా పలక మీద నిమిషానికి నూటనలభైకి పైగా. కానీ చాలావరకు నిలువునా దిగుతాయి, సున్నితమైన పొర ఒక సెంటీమీటరే కాబట్టి చిన్న చుక్కలా మెరిసి పోతాయి. అడ్డంగా వచ్చిందే పొడుగు గీత వేస్తుంది. అలాంటిది కొన్ని నిమిషాలకి ఒకటి. పిల్లల్ని పిలిచి "చూడండి చూడండి" అనేవాళ్లకి ఇది గుర్తుండాలి, లేకపోతే టెన్షన్ పడతారు.

మ్యూయాన్ సగటు ఆయుష్షు సెకనులో పది లక్షల వంతుల్లో 2.2 వంతులే. కాంతి వేగంతో పరుగెత్తినా ఆ సమయంలో 660 మీటర్లే వెళ్లగలదు. పదిహేను కిలోమీటర్ల నుంచి తణుకు దాకా ఎలా వచ్చింది? అంత వేగంగా పోయేవాటికి మన లెక్కలో కాలం నెమ్మదిగా గడుస్తుంది. ఐన్‌స్టీన్ సాపేక్షతకి ఇంతకంటే చవకైన సాక్ష్యం నాకు తెలీదు. 1936లో ఈ మ్యూయాన్‌ని కూడా ఆండర్సన్, నెడర్‌మయర్ క్లౌడ్ చాంబర్లోనే పట్టారు. అన్ని విధాలా ఎలక్ట్రాన్ లాగే ఉండి 207 రెట్లు బరువున్న ఈ కణం ఎందుకు ఉందో ఎవరికీ అర్థం కాక, "దీన్నెవరు ఆర్డరిచ్చారు?" అని రాబీ అనే శాస్త్రవేత్త అన్నాడని చెప్పుకుంటారు. హోటల్లో మనం చెప్పని కూర టేబుల్ మీదికి వచ్చినప్పుడు అడుగుతామే, అలాగ.

కాస్మిక్ కిరణాల కోసం రోజుల తరబడి కూర్చోలేం కాబట్టి కణాల్ని వదిలే రేడియోధార్మిక మూలం ఒకటి కావాలి. మా ఆయన భీమిలి ఇసుకలో మోనజైట్ ఉంటుంది కదా, ఓ గుప్పెడు తెచ్చేద్దాం అన్నారు. అది థోరియం ఉన్న ఖనిజం, అణుశక్తి చట్టాల కిందికి వస్తుంది, అలాంటి పనులు వద్దు. పెట్రోమాక్స్ లైటు మ్యాంటిల్ చాలు. పాత మ్యాంటిళ్లలో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది. కొత్తవాటిలో చాలావరకు తీసేశారు. నేను బజార్లో కొన్న కొత్తది పెడితే ఒక్క గీతా రాలేదు. పూర్వం పెళ్లిళ్లకి లైట్లు అద్దెకిచ్చిన షాపాయన గోదాములోంచి పాతది వెతికిచ్చారు. ఇరవై రూపాయలు తీసుకున్నారు. "లైటు లేకుండా ఇదెందుకమ్మా?" అంటే ఏం చెప్పాలో తెలియక నవ్వేశాను. జాగ్రత్త: కాల్చిన మ్యాంటిల్ వద్దు, పొడైపోతుంది, ఆ దుమ్ము పీల్చకూడదు. కాల్చని ముక్కని చిన్న సీసాలో వేసి వాడండి, తరువాత చేతులు కడుక్కోండి, చిన్నపిల్లలకి అందకుండా పెట్టండి.

ఆ ముక్క పెట్టిన రోజు ఈ డబ్బాకి నా దగ్గర అయిదు నక్షత్రాలు వచ్చాయి. సీసా మూతి నుంచి తెల్లటి లావాటి గీతలు, మూడు నాలుగు సెంటీమీటర్లవి, సేమియా పుల్లల్లా నాలుగు వైపులా చిమ్మాయి. ఇవి ఆల్ఫాలు. బరువైనవి కాబట్టి నెమ్మదిగా పోతాయి, ఆవేశమూ రెట్టింపు, దారిలో బోలెడు అయాన్లు చేస్తాయి, అందుకే లావు. థోరియం నుంచి థోరాన్ అనే వాయువు కూడా బయటికొచ్చి డబ్బాలో తిరుగుతుంది. అది ఆల్ఫాని వదిలి పొలోనియం అవుతుంది. ఆ పొలోనియం సగటున సెకనులో సుమారు అయిదో వంతులో ఇంకో ఆల్ఫాని వదులుతుంది. ఒకే చోటు నుంచి రెండు గీతలు, తెరిచిన కత్తెరలా. ఆ కత్తెర మొదటిసారి కనిపించినప్పుడు నేనే అరిచాను, పిల్లలు కాదు.

పిల్లలంటే మా సెకండియర్ వాళ్లు అయిదుగురు, ఆదివారం సాయంత్రం వచ్చారు. వాళ్లకి ఆల్ఫా కేంద్రకం లోంచి ఎలా బయటపడుతుందో చెప్పాను. కేంద్రకం చుట్టూ ఒక శక్తి గోడ ఉంటుంది. ఆల్ఫాకి ఆ గోడ దాటేంత శక్తి లేదు, అయినా బయటికి వస్తుంది. 1928లో గామోవ్ అనే శాస్త్రవేత్త చెప్పింది ఏమిటంటే, ఆల్ఫాని అలగా తీసుకుంటే గోడలోపలికి కూడా ఆ అల కొంచెం చొరబడుతుంది, అవతల పిసరంత మిగులుతుంది. ఆ పిసరంతే అది బయటపడే అవకాశం. ఈ లెక్క ఎంత పదునైనదో మ్యాంటిల్‌లోనే ఉంది. థోరియం-232 వదిలే ఆల్ఫా శక్తి 4 ఎమ్‌ఈవీ (కణాల శక్తికి కొలత), అర్ధజీవితకాలం, అంటే సగం విడిపోవడానికి పట్టే కాలం, 1,400 కోట్ల ఏళ్లు. థోరియం విడిపోతూ ఒకదాని తరువాత ఒకటిగా మారే వరసలో కిందనుండే పొలోనియం-212 ఆల్ఫా శక్తి 8.8, అర్ధజీవితకాలం సెకనులో కోటో వంతుకి మూడు రెట్లు. శక్తి రెట్టింపు దాటిందంతే, కాలంలో తేడా ఒకటి పక్కన ఇరవై నాలుగు సున్నాలు. గోడ పలచబడ్డ కొద్దీ అల ఎంత విపరీతంగా అవతలికి పోతుందో చూడండి.

అప్పటిదాకా నోరు మెదపని ఒక పిల్ల, ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునేది, అడిగింది: "మేడమ్, అది అలగా బయటికొస్తే చెరువులో రాయి వేసినట్టు అన్ని వైపులకీ పాకాలి కదా. మరి గీత ఒక్క వైపే ఎందుకు?"

నేను పంతొమ్మిదేళ్లుగా గీసిన బాణం అక్కడ విరిగింది. ఆ రోజు "వచ్చే ఆదివారం చెబుతా" అన్నాను. రాత్రి పాత నోట్సులు తీశాను.

ఇదే ప్రశ్న మీద 1929లో నెవిల్ మాట్ అనే శాస్త్రవేత్త ఒక పేపరు రాశాడు. మరుసటి ఆదివారం దాన్ని చింతపిక్కలతో చెప్పాను. బల్ల మీద ఒక పిక్క పెట్టాను, అది థోరాన్ కేంద్రకం. చుట్టూ చాలా పిక్కలు, అవి ఆవిరి పరమాణువులు. ఆల్ఫా అలని ఒక్కదాన్నే తీసుకుంటే గోళంలా పాకుతుంది, ఆ పిల్ల చెప్పింది నిజమే. కానీ డబ్బాలో ఆల్ఫా ఒక్కటే లేదు. పరమాణువులూ ఉన్నాయి, వాటికీ క్వాంటం నియమాలే. అన్నిటినీ కలిపి ఒకే లెక్కగా వేయాలి. మాట్ రెండు పరమాణువులతో వేశాడు: రెండూ అయాన్లుగా మారే సంభావ్యత ఎప్పుడు చెప్పుకోదగ్గంత ఉంటుంది? కేంద్రకమూ ఆ రెండూ దాదాపు ఒకే సరళరేఖలో ఉన్నప్పుడే. మిగతా అన్ని అమరికలకీ దాదాపు సున్నా. అంటే మొదట్లో ఆల్ఫాకి దిక్కు అంటూ లేకపోయినా, చుక్కలు మాత్రం వరసలోనే పడతాయి.

"సరే మేడమ్, వరసలో పడతాయి. కానీ ఈ వరసే ఎందుకు, ఆ పక్క వరస ఎందుకు కాదు?" అని ఇంకో కుర్రాడు. దానికి మాట్ లెక్కలో జవాబు లేదు. ఏ దిక్కుకి ఎంత అవకాశమో మాత్రమే చెప్పగలం అని 1926లో మాక్స్ బార్న్ అనే శాస్త్రవేత్త అన్నది ఇప్పటికీ అక్కడే ఉంది. అన్ని వరసలూ పడతాయి, విశ్వం శాఖలుగా చీలుతుంది, మనం వాటిల్లో ఒకదాన్ని చూసే శాఖలో ఉన్నాం అని 1957లో ఎవరెట్ అనే శాస్త్రవేత్త అన్నాడు. "అంటే ఇంకో తణుకులో గీత అటు పోయిందా?" అని వాళ్లు నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. పరీక్షకి పనికిరాని ప్రశ్న ఒకటి మా ఇంట్లో గంటన్నర నడిచింది, నా ఉద్యోగంలో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

క్వాంటం సిద్ధాంతానికి రూపమిచ్చినవాళ్లలో ఒకడైన హైజెన్‌బర్గ్‌కి కూడా ఇలాంటి డబ్బానే నిద్ర లేకుండా చేసింది. 1927 మొదట్లో ఆయన పెద్దాయన బోర్ స్కీయింగ్‌కి నార్వే వెళ్లాడు, ఈయన కోపెన్‌హాగెన్‌లో ఒంటరిగా ఉన్నాడు. క్వాంటం సిద్ధాంతంలో కణానికి దారి అనేదే లేదు, క్లౌడ్ చాంబర్లోనేమో దారి కళ్లముందు ఉంది. మనం ఏం చూడగలమో సిద్ధాంతమే నిర్ణయిస్తుందని ఐన్‌స్టీన్ తనతో అన్న మాట గుర్తొచ్చి, రాత్రివేళ పార్కులో నడుస్తూ ఆలోచించాడు. మనం చూసేది దారి కాదు, కణం కంటే చాలా పెద్దవైన చుక్కల వరస. స్థానమూ సుమారుగానే, వేగమూ సుమారుగానే తెలుస్తున్నాయి. స్థానమూ ద్రవ్యవేగమూ రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవనే అనిశ్చితత్వ నియమం అక్కడి నుంచి వచ్చింది. నేను పిల్లల చేత లెక్క వేయించాను. చుక్క వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు అనుకుంటే, నియమం ప్రకారం ఆల్ఫా ద్రవ్యవేగంలో తప్పనిసరి తేడా లక్ష కోట్ల వంతుల్లో అయిదు వంతులు. అందుకే గీత తిన్నగా కనబడుతుంది. క్వాంటం నియమాన్ని ధిక్కరించి కాదు, దాన్ని పాటిస్తూనే.

ఈ సందర్భంలో ఒక ఊరి సంగతి. మాకు దగ్గర్లో, భీమవరం వైపు గొరగనమూడి ఉంది. అక్కడ 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యాసం తీసుకుని స్వామి జ్ఞానానంద అయ్యారు. తరువాత యూరప్‌లో ఫిజిక్స్ చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతిక శాస్త్రానికి పునాది వేశారు. అక్కడి ప్రయోగశాలలకి ఆయన పేరే ఉంది. మా క్లాసులో ఆ ఊరి చుట్టుపక్కల పిల్లలు ఇద్దరున్నారు, ఇద్దరికీ ఈ సంగతి తెలీదు. అది వాళ్ల తప్పు కాదు.

ఇక కొనాలా వద్దా. ఇంట్లో పూర్తిగా చీకటి చేయగల గది, ఏసీ లేదా బకెట్ ఐస్, గంటసేపు ఓపిక, ఈ మూడూ ఉంటే కొనండి. పుట్టినరోజు పార్టీలో చూపించడానికైతే వద్దు, స్విచ్ వేశాక అరగంట ఏమీ జరగదు. కాలేజీలకైతే తప్పక చెబుతాను, ఒక బ్యాచ్‌కి అయిదారుగురు మించకుండా. పెద్ద క్లాసుకి ఫోన్ కెమెరాతో తీసి ప్రొజెక్టరు మీద వేయొచ్చు, కానీ తెర మీద చూస్తే యూట్యూబ్ వీడియోకీ దీనికీ తేడా ఉండదు. డబ్బు తక్కువుంటే పెల్టియర్ లేకుండా డ్రై ఐస్‌తో సొంతంగా చేసుకోండి. గాజు సీసా, ఫెల్ట్, నల్ల రేకు, టార్చిలైటు, అంతా కలిపి రెండు వేలు దాటదు. గీతలు అవే వస్తాయి.

నాణ్యత విషయానికొస్తే: పలక, పెల్టియర్లు బాగున్నాయి. పంపు నాలుగో నెలలో ఆగిపోయింది, అక్వేరియం షాపులో మూడొందల యాభైకి దొరికింది. వారంటీలో ఉండగానే అడిగితే "నీళ్లతో పాడైనవాటికి వర్తించదు" అన్నారు. నీళ్లలో ఉండాల్సిన పంపుకి! పవర్ సప్లై వేడెక్కుతుంది, కరెంటు పోయి వచ్చే ఊళ్లలో స్టెబిలైజర్ మీద పెట్టండి. మొత్తానికి అయిదుకి నాలుగు. పోయిన ఒక్క నక్షత్రం పంపు వల్ల కాదు, "గాడ్ పార్టికల్" వల్ల.

ఫెల్ట్ గుడ్డ ఇప్పుడు పసుపెక్కి ఊడిపోతోంది. కొత్త ముక్క ఎంతకి ఇస్తారని అమ్మినవాళ్లకి వాట్సాప్‌లో అడిగి మూడు వారాలైంది. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. అత్తయ్య పాత హార్మోనియం పెట్టె లోపలి గుడ్డ కత్తిరించి ఇచ్చారు, వచ్చే ఆదివారం అది అంటించి చూడాలి.